వెంట్రుక, బొచ్చు, ఉన్ని: భేదమెక్కడ?

క్షీరదాల వెంట్రుక, బొచ్చు, ఉన్ని మూడూ కెరాటిన్ అనే మాంసకృత్తుతో ఏర్పడినవే. భేదం పదార్థంలో లేదు. మందం, సాంద్రత, అమరికలలోనే ఉంది. పొడవైన పైవెంట్రుకల కింద మెత్తని లోపొర దట్టంగా ఉంటే దానిని బొచ్చుగా వ్యవహరిస్తారు. వంకీలు తిరిగిన ఉన్ని పోగులు తమ మధ్య గాలిని నిలిపి చలిని అడ్డుకుంటాయి.

ఈ భేదాన్ని మన మందలలోనే గమనించవచ్చు. నెల్లూరు గొర్రెకు పొట్టి వెంట్రుకలే ఉంటాయి. అది మాంసానికి ప్రసిద్ధి. తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్రలలో పెరిగే దక్కనీ గొర్రె ముతక ఉన్నినిస్తుంది. కురుమలు నేసే గొంగడికి ఆధారం అదే. మాంసం కోసం దక్కనీ మందలో నెల్లూరు పొట్టేలును కలిపితే పుట్టే పిల్లలకు ఉన్ని తగ్గుతుంది. కనుక గొంగడి నిలవాలంటే దక్కనీ విత్తన పొట్టేలును మందలో కాపాడుకోవాలి.