ఎఱుకలవారు: సంఘశాస్త్రపరిశీలనమున కొక యుపోద్ఘాతము

భారతీయసంఘమును దెలిసికొనఁగోరువారికి రెండు త్రోవలు కలవు. ధర్మశాస్త్రములనుబట్టి సంఘ మెట్లుండవలెనని పెద్దలు విధించిరో గ్రహించుట యొకటి. పల్లెలో వసించి జను లెట్లు బ్రదుకుచున్నారో కనుఁగొనుట రెండవది. 1932లోఁ గులమునుగూర్చి గ్రంథము ప్రకటించిన జి. ఎస్. ఘుర్యే సంస్కృతగ్రంథములను ముఖ్యాధారములుగాఁ గొనెను. ఎస్. సి. దూబే సికింద్రాబాదునకు సమీపమునఁ గల శామీర్‌పేటను పరిశీలించి, 1955లో నా పల్లెనుగూర్చి గ్రంథము వెలువరించెను. ఈ రెంటికిఁ దోడు మూఁడవ యాధార మొకటి కలదు, అది ప్రభుత్వలేఖ్యము. లేఖ్యము సంఘమును వర్ణించుటయే కాక మార్చుటయుఁ గలదు. గుంటూరుసీమలోని యెఱుకలవారి చరిత్ర మిందులకుఁ దార్కాణము.

పండితులకు ఎఱుకలసాని చిరపరిచిత. యక్షగానములలో నామె బుట్టతో వచ్చి నాయిక చేయి చూచి సోదె చెప్పును. ఎఱుక యనఁగా జ్ఞానము. జాతినామ మీ వృత్తినుండి వచ్చినదని లోకమున వాడుక. కాని రంగస్థలమునఁ గనఁబడునది యొక వృత్తి మాత్రమే. ఆమె యింట మాటలాడునది తమిళమునకు సన్నిహితమైన ద్రావిడభాష యనియు, ఆమె కుటుంబమునకు వేఱు జీవనాధారము కలదనియు నాటకము చెప్పదు.

ఎఱుకలవారిలోఁ బెక్కండ్రు ఉప్పువర్తకులు. తీరమందలి కొఠారులలో నుప్పు గొని, ఎద్దులపైనను గాడిదలపైనను వేసికొని, నేఁడు ప్రత్తియు మిరపయుఁ బండు రేగడినేలలకును, వానికిఁ బడమటి మెట్టసీమలకును గొనిపోయి ధాన్యమునకు మార్చుకొనెడివారు. బండిబాట లేని పల్లెకు వారే యంగడి. 1805లోఁ గుంపిణీప్రభుత్వము మద్రాసు రాజధానిలో నుప్పును దన గుత్తాధికారమునకుఁ దెచ్చెను. పన్ను పెరిగినకొలఁదిఁ జిల్లరవర్తకుని లాభము తగ్గెను. 1876-78 నాఁటి కఱవులోఁ బశువులు నశించెను. అడవిచట్టములు మేఁతకును వెదురునకును అడ్డువచ్చెను. ఉప్పును బొగబండి మోయఁజొచ్చెను. 1899లో బెజవాడ-మద్రాసు తీరమార్గము పూర్తి యయ్యెను. వర్తకము పోయినను సంచారము పోలేదు. సరకు లేక తిరుగువాఁడు ప్రభుత్వమువారి కన్నులకు దొంగగాఁ దోఁచెను.

1909లో ఎడ్గర్ థర్‌స్టన్ ఏడు సంపుటములుగాఁ బ్రకటించిన దక్షిణదేశజాతుల వర్ణనమున, ఈ జాతినిగూర్చిన భాగములోఁ బోలీసు అధికారుల వ్రాఁతలు విస్తారముగాఁ జేరినవి. 1871లో నుత్తరదేశమునఁ బుట్టిన నేరస్థజాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికి వ్యాపించెను. వ్యక్తి చేసిన నేరమును విచారింపక, పుట్టిన జాతినిబట్టి వ్రేలిముద్రలును హాజరును విధించుట దీని స్వభావము. 1913లో బాపట్లకుఁ జేరువ సాల్వేషన్ ఆర్మీవారి నిర్వహణమున నొక సెటిల్‌మెంటు వెలసి, గవర్నరు కార్యనిర్వాహకసభ్యుఁడగు హెరాల్డ్ స్టూవర్టు పేర స్టూవర్టుపురమయ్యెను. అనుమతి లేక యెల్ల దాఁటరాదు. కొందఱు సేద్యమునకును, కొందఱు చీరాల పొగాకు కర్మాగారమునఁ గూలికిని గుదిరిరి. సంస్కారము పేర సాగిన యీ యేర్పాటు, విడిచిపోలేని కూలీలను గర్మాగారమునకు సమకూర్చెనని మీనా రాధాకృష్ణ 2001లోఁ బ్రకటించిన గ్రంథమున నిరూపించిరి.

ఆ చట్టము 1947లో మద్రాసు రాష్ట్రమునను, 1952లో దేశమంతటను రద్దయ్యెను. ఎఱుకలవా రిప్పుడు షెడ్యూల్డు తెగలలోఁ బరిగణింపఁబడుచున్నారు. అయినను నింద చట్టముతోఁ బోలేదు. ఆ యూరి పేరు చలనచిత్రములలోఁ జాలకాలము దొంగతనమునకుఁ బర్యాయముగ నిలిచెను.

సోదె చెప్పు స్త్రీ, ఉప్పు మోయు వర్తకుఁడు, హాజరుపట్టికలోని నేరస్థుఁడు: ఈ మువ్వురు నొక్క జాతివారే. కావ్యమును గాని లేఖ్యమును గాని చదువునపుడు, దాని వ్రాసినవా రెవరు, ఏ ప్రయోజనమునకు వ్రాసిరి, అప్పుడా జనుల జీవనోపాధి యెట్లుండెను అని విచారింపవలెను. ఈ విచారణ లేనిచో స్థితిచేఁ గలిగినది జాతిస్వభావముగాఁ గనఁబడును. పాఠశాలలో నట్లు బోధింపఁబడినచో, ఆ తరగతిలోనే కూర్చున్న యెఱుకలబాలుఁడు తాను జేయని నేరమును మఱల మోయవలసివచ్చును.