పెరటి గోగు

లేతాకు కోస్తే గోంగూర, ముదిరిన కాడ నానబెడితే గోగునార. 1947 దేశ విభజనలో జనపనార పొలాలు చాలావరకు తూర్పు పాకిస్తాన్‌కు పోయాయి. మిల్లులు మాత్రం కలకత్తా దగ్గర మిగిలాయి. ఆ లోటు తీర్చడానికి గోగు సాగు పెరిగింది. మన రాజాం చుట్టుపక్కల మెట్టపొలాలు కూడా గోగు పండించాయి. ఆమదాలవలస పరిశోధనా కేంద్రం మేలురకాలు ఇచ్చింది. జనపనార సంచులకు 1987లో చట్టరక్షణ వచ్చినా, ప్లాస్టిక్ సంచుల ముందు సాగు తగ్గిపోయింది.

పొలంలో పంట పోతే ఇంటి విత్తనమూ పోతుంది. అందుకే ఏటా పెరట్లో నాలుగు మొక్కలు కోయకుండా వదిలేస్తాను. పగటిపొద్దు తగ్గాక అవి పూస్తాయి. కాయలు ఎండాక గింజలు దులిపి సీసాలో దాస్తాను. తొలకరికి చల్లితే నెలకు కూర చేతికొస్తుంది. సంఘ సమావేశానికి పొట్లాలు కట్టి తెస్తాను. తలో పొట్లం పట్టుకెళ్ళండి.