భోజనాల గదిలో అచ్చుయంత్రం

పెళ్ళి శుభలేఖలు అచ్చు వేయించిన అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. షాపువాడు లావుపాటి ఆల్బమ్ ఒకటి మన ముందు పడేస్తాడు. వినాయకుడున్నది, వేంకటేశ్వరస్వామి ఉన్నది, తలుపుల్లా రెండువైపులా తెరుచుకునేది, పల్లకీ బొమ్మది. గంటసేపు తిరగేసి ఒకటి ఎంచుకుంటాం. "రంగు కాస్త తగ్గించండి, వినాయకుణ్ణి కొంచెం పైకి జరపండి" అని మన ముచ్చట కూడా చెప్పి వస్తాం. తీరా పదిరోజులు తిరక్కుండా అదే కార్డు ఎవరింటినుంచో మనింటికే వస్తుంది. పేర్లు మాత్రం వేరు!

పోయిన నెల నాకూ ఇలాంటిదే జరిగింది. పెళ్ళి కాదు లెండి, పుస్తకం. ఇన్నాళ్ళూ నవలలు రాశాను గాని వాటి అట్ట ఎలా ఉండాలో నన్నెవరూ అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు నా సొంత కబుర్లు, అమ్మ గురించీ, మేం మారిన అద్దె ఇళ్ళ గురించీ, ఎవరూ అడక్కుండా రాసుకున్నవన్నీ పోగుచేసి, నా డబ్బుతో రెండువందల కాపీలు వేయించుకుందామనిపించింది. ప్రెస్సులో కుర్రాడు కంప్యూటర్ మీద తయారుగా ఉన్న నమూనాలు చూపించాడు. ప్రతి పేజీ మూలా గులాబీలు.

"ఆడవాళ్ళ పుస్తకం కదా మేడమ్, పువ్వులు బావుంటాయి" అన్నాడు.

అట్టమీదికి, కిటికీ పక్కన బారెడు జడేసుకుని కూర్చున్న అమ్మాయి.

"ఈ పిల్లెవరు బాబూ? నా పుస్తకంలో ఇంత జడున్నవాళ్ళు ఎవరూ లేరే!" అన్నాను.

"ఎవరైతేనేం మేడమ్, అందరూ ఇదే తీసుకుంటున్నారు."

రేపు చెబుతానని లేచి వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక, బి.ఏ. రోజులనుంచీ నాకు పరిచయమైన వర్జీనియా వుల్ఫ్ గుర్తొచ్చింది. ఆవిడ నవలలు కాదు, ఆవిడ భోజనాల గది.

1915 జనవరి 25న ఆవిడకి 33 ఏళ్ళు నిండాయి. ఆ రోజు భర్త లెనార్డ్‌తో కలిసి లండన్‌లో టీ తాగుతూ మూడు నిర్ణయాలు చేసుకున్నారట. రిచ్‌మండ్‌లో హోగార్త్ హౌస్ అనే ఇల్లు తీసుకోవడం, ఒక అచ్చుయంత్రం కొనడం, ఒక బుల్‌డాగ్‌ని పెంచడం. దానికి జాన్ అని పేరు కూడా పెట్టేశారు. కుక్క రాకముందే పేరుదాకా వెళ్ళారంటే ఎంత హుషారుగా ఉన్నారో చూడండి. కాని ఆ హుషారు నిలవలేదు. కొద్ది వారాలకే ఆవిడకి మనసు జబ్బు తిరగబెట్టింది. మార్చిలో తొలి నవల అచ్చయి వచ్చేసరికి ఆవిడ మంచం మీద ఉంది.

రెండేళ్ళు గడిచాయి. పొద్దున్నంతా రాతతో అలిసిన బుర్రకి మధ్యాహ్నం పూట చేతిపని ఏదైనా ఉంటే తెరిపిగా ఉంటుందని లెనార్డ్ ఆలోచన. అచ్చుపని నేర్చుకుందామని ఒక స్కూలుకి వెళితే, కార్మికసంఘంలో ఉన్న అప్రెంటిసులకే తప్ప మీలాంటివాళ్ళకి నేర్పం పొమ్మన్నారు. 1917 మార్చి 23న ఇద్దరూ ఫారింగ్డన్ వీధిలో నడుస్తూ, అచ్చుసామాన్లు అమ్మే కొట్టు అద్దాల ముందు బొమ్మలకొట్టు దగ్గర పిల్లల్లా ఆగిపోయారు. లోపలున్నాయన మంచివాడు. ఈ 16 పేజీల పుస్తకం చూసి ఎవరైనా నేర్చుకోవచ్చన్నాడు. బల్లమీద పట్టేంత చిన్న చేతియంత్రం, అక్షరాలు, సరంజామా అన్నీ కలిపి సుమారు 19 పౌన్లు. నెల తరువాత అవి ఇంటికి రాగానే భోజనాల గదిలో పెట్టేశారు.

లెనార్డ్‌కి చేతులు వణికే జబ్బు. అందుకని అక్షరాలు పేర్చే పని వర్జీనియాది, యంత్రం తిప్పే పని ఆయనది. సీసపు అక్షరాలు గళ్ళలో సర్దేటప్పుడు ఆవిడ 'హెచ్'లన్నీ 'ఎన్'లతో కలిపేసిందిట. ఉన్నవి ఇరవయ్యారు అక్షరాలే కదమ్మా అనిపించింది నాకు. నా చిన్నప్పుడు మా వీధి చివర ప్రెస్సులో కంపోజిటరుగారు గుడులూ, కొమ్ములూ, ఒత్తులూ వందల గళ్ళలోంచి చూడకుండానే ఏరి స్టిక్కులో పేర్చేవారు. ఆయన వేళ్ళు జ్ఞాపకం వస్తే ఈ ఇంగ్లీషు గొడవ పాపం చిన్నదే.

ఇంకో మాట కూడా చెప్పాలి. భోజనాల గది నిండా సీసం పోసుకున్నా ఆ ఇంట్లో వేళకి భోజనం అమిరేది. వంటకి నెల్లీ బాక్సాల్ ఉండేది మరి. సాహిత్య చరిత్రలు ఆవిణ్ణి ఎక్కువగా తలుచుకోవు గాని, ఆ అచ్చుయంత్రం తిరగడంలో ఆవిడ వాటా కూడా ఉందని నా అభిప్రాయం.

1917 జూలైలో మొదటి పుస్తకం వచ్చింది. భార్యది ఒక కథ, భర్తది ఒక కథ. 150 కాపీలు. డోరా కారింగ్టన్ అనే చిత్రకారిణి చెక్కమీద చెక్కిన నాలుగు బొమ్మలు. చిక్కిన కాగితాన్ని బట్టి కొన్ని కాపీలకి ఒకరకం అట్ట, కొన్నింటికి మరోరకం. వర్జీనియా కథలో ఏమీ జరగదు. ఒకావిడ గోడమీద మచ్చ చూస్తూ ఆలోచిస్తుంది, అంతే. ఆవిడ తొలి నవలని ప్రచురించినవాడు సవతి అన్న జెరాల్డ్ డక్‌వర్త్. ఆ కథ ఆయనకి పంపాల్సి వస్తే ఆవిడ అలా రాసి ఉండేదా? రాసేది కాదనే నా అనుమానం. ఈ పేజీని ఎవరూ తిప్పి పంపరు అన్న ధీమాతో రాసే వాక్యం వేరుగా ఉంటుంది.

తప్పులు లేవనుకునేరు! 1918లో కాథరిన్ మాన్స్‌ఫీల్డ్ కథ 'ప్రెల్యూడ్' 300 కాపీలు వేస్తే, కొన్ని పేజీల నెత్తిన కథ పేరే తప్పు పడింది. 1919లో 'క్యూ గార్డెన్స్' వేశారు. బొమ్మలు అక్క వెనెస్సా బెల్‌వి. ఒక పత్రికలో మెచ్చుకోలు రాగానే, ఊరినుంచి తిరిగొచ్చిన దంపతులకి గుమ్మం లోపల ఆర్డర్ల ఉత్తరాలు కుప్పలుగా కనిపించాయి. వెనెస్సా మాత్రం మండిపడింది. నా బొమ్మల్ని చెడగొట్టారు, ఇలా అయితే ఇక నీ కథలకి వెయ్యను, అసలు మీ ప్రెస్సెందుకు అనేసింది. అక్కాచెల్లెళ్ళ తగువు ఎక్కడైనా ఒకటే.

అయినా మళ్ళీ కలిశారు. 1922లో 'జేకబ్స్ రూమ్' సొంత ప్రెస్సు పేరుతో వచ్చిన ఆవిడ మొదటి నవల. అంత పెద్ద పుస్తకం చేత్తో అయ్యేది కాదు గనక బయట అచ్చు వేయించారు. పైఅట్ట మాత్రం అక్కే వేసింది. తెరల మధ్య పువ్వుల పాత్ర. డిజైను చక్కగా ఉంది గాని అక్షరాలు ఇంకాస్త స్పష్టంగా ఉండాలి, 'రూమ్' మొదటి అక్షరం పెద్దది చేస్తావా అని చెల్లెలు ఉత్తరం రాసింది. వినాయకుణ్ణి పైకి జరపమన్నట్టే!

పుస్తకాల కొట్లవాళ్ళు ఆ అట్ట చూసి నవ్వారట. అందమైన అమ్మాయి బొమ్మ లేదు, పోనీ జేకబూ లేడు, అతని గదీ లేదు, ఇదేం అట్ట అని. ఈ సంగతి లెనార్డ్ తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. చదివినప్పుడు నవ్వొచ్చింది. బస్సులో తలుచుకుంటే మాత్రం రాలేదు. నూరేళ్ళు దాటినా ఆ అమ్మాయి ఇంకా కిటికీ పక్కనే కూర్చుని ఉంది కదా!

భార్యాభర్తలు వెనక్కి తగ్గలేదు. అప్పట్నుంచి వర్జీనియా పుస్తకాల్లో దాదాపు అన్నింటికీ వెనెస్సా అట్టలే. 1923లో ఎలియట్ 'వేస్ట్ లాండ్' కావ్యానికి, సుమారు 460 కాపీలకి, అక్షరాలు పేర్చింది కూడా వర్జీనియానే. 1927లో 'క్యూ గార్డెన్స్' మళ్ళీ వేసినప్పుడు ప్రతి పేజీలోనూ వాక్యాల చుట్టూ వెనెస్సా గీతలు పూలతీగల్లా అల్లుకున్నాయి. ఎనిమిదేళ్ళ కిందటి తగువుకి అది రాజీనామా పత్రం కాదు, రాజీ పత్రం.

మర్నాడు ప్రెస్సుకి వెళ్ళి గులాబీలు తీసెయ్యమన్నాను. కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళకి కనిపించేలా అక్షరాలు పెద్దవి, అంచున వేలు పెట్టుకునేంత జాగా. అట్టమీదికి జడపిల్ల బదులు మా అక్క ముగ్గు. అమ్మ సంక్రాంతికి వేసే పదిహేను చుక్కల ముగ్గుని అక్క గళ్ళ కాగితం మీద ఓపిగ్గా వేసి పంపింది. "ఖాళీగా ఉంటుందేమో మేడమ్" అని కుర్రాడు నసిగాడు. మావారైతే "ఆ జడ బొమ్మే నయమేమో" అన్నారు.

మొదటి ప్రూఫులో గీతలు లావెక్కి సగం చుక్కలు మాయమయ్యాయి. ఫోటో పంపితే అక్క వెంటనే ఫోన్ చేసింది. "చుక్క పోయాక అది ముగ్గెలా అవుతుందే? అమ్మ చూస్తే ఏమనేది?" అని పెట్టేసింది. రెండు రోజులైంది, మళ్ళీ ఎత్తడం లేదు. రేపు రెండో ప్రూఫు వస్తుంది. తీసుకుని నేనే వాళ్ళింటికి వెళుతున్నాను.