ఇసుకలో పాఠపరిష్కరణ

తాళపత్ర ప్రతులను పరిష్కరించే పండితుని పని కొత్త పద్యం చెప్పడం కాదు. లేఖకులు నడుమ చేర్చిన ప్రక్షిప్తాలను ఏరివేసి కవి పాఠాన్ని నిలపడం. గోల్ఫ్ మైదానాలకు కూడా ఇటువంటి పరిష్కర్తలున్నారంటే మా కోనసీమవారికి వింతగా తోచవచ్చును.

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో పైన్‌హర్స్ట్ అనే ఊరుంది. అక్కడి రెండవ నంబరు మైదానం 1907 నాటిది, డొనాల్డ్ రాస్ రచన. ఆయన 1872లో స్కాట్లండు సముద్రతీరాన డోర్నాక్‌లో పుట్టినవాడు. ఇసుకనేల గుణం చిన్ననాటినుండి ఎరిగినవాడు. పైన్‌హర్స్ట్‌దీ ఇసుకనేలే. బంతి సాగే పచ్చికబాటకు ఇరుప్రక్కలా ఇసుక, దుబ్బుగడ్డి, రాలిన పైన్ ఆకులు. 1948లో కన్నుమూసేదాకా రాస్ దానిని దిద్దుతూనే ఉన్నాడు.

తరువాతి నిర్వాహకులు ఆ ఇసుకపై పచ్చిక పరచి, నీరు పట్టి, బాటను ఇరుకు చేశారు. చూపులకు బాగానే ఉండేది, కాదనను. కాని ఏ ప్రక్కనుండి కొడితే మేలో ఆటగాడు ఎంచుకొనే స్వేచ్ఛ పోయింది.

2010లో బిల్ కూర్, బెన్ క్రెన్షా అనే ఇద్దరు పునరుద్ధరణకు పూనుకొన్నారు. 1943లో విమానంనుండి తీసిన ఛాయాచిత్రాలే వారికి మూలప్రతి. పాత నీటిగొట్టపు వరుస మరొక సాక్ష్యం. బాట నడిమిగీత ఎక్కడుండేదో అది చెప్పింది. సుమారు 35 ఎకరాల పచ్చికను పెరికివేశారు. నీరు చిమ్మే స్ప్రింక్లర్లు దాదాపు 1150 నుండి 450కి తగ్గాయి. గోదావరి కాలువల ఒడ్డున పెరిగిన మావంటివారికి పచ్చదనాన్ని పనిగట్టుకొని పెరకడమంటే ప్రాణం చివుక్కుమంటుంది సుమా!

అసలు చిక్కు వేరే ఉంది. రాస్ తానే నాలుగు దశాబ్దాలు మార్పులు చేశాడు. అందులో ఏది మూలపాఠం? గుంట ఉండే గ్రీన్లు మొదట ఇసుకవి. 1935లో ఆయనే వాటికి గడ్డి వేయించాడు. బోర్లించిన పళ్ళెం వంటి వాటి ఎత్తు ఆయన తీర్చినదా, లేక ఏటేటా చల్లిన ఇసుక పేరుకొన్నదా అన్న వివాదమూ ఉంది. ఒకటి రెండు చిన్న సవరణలు తప్ప కూర్, క్రెన్షాలు గ్రీన్ల జోలికి పోలేదు. అది వివేకమని నా అభిప్రాయం. తరాలుగా జనం నోట నిలిచిన పద్యాన్ని, ప్రక్షిప్తమన్న అనుమానం మాత్రం చేత, ఏ పరిష్కర్త కొట్టివేస్తాడు?

మైదానం 2011లో తిరిగి తెరుచుకొంది. 2014లో పురుషుల, స్త్రీల యు.ఎస్. ఓపెన్ పోటీలు వరుస వారాలలో అక్కడే జరిగాయి. 2024లో పురుషుల పోటీ మరల వచ్చినప్పుడు మన తెలుగు కుటుంబపు బిడ్డ సాహిత్ తీగల కూడా అక్కడ ఆడాడు. 2014లో ఆ ఎండుగడ్డిని టీవీలో చూసి పెదవి విరిచినవారూ లేకపోలేదు.