కీమో నోటిపూత: నివారణలో సహజ చిట్కాలు

కేన్సర్ మందుల వల్ల నోటి లోపలి పొర పుండ్లు పడటాన్ని వైద్యులు ఓరల్ మ్యూకోసైటిస్ అంటారు, వాడుకలో నోటిపూతే. 5-ఫ్లోరోయురాసిల్, మెల్ఫలాన్, డాక్సోరూబిసిన్‌తోపాటు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం కృషితో ముడిపడ్డ మెథోట్రెక్సేట్ కూడా ఇందుకు పేరుపడ్డవే.

మందు ఎక్కించిన 5–10 రోజులకు పుండ్లు లేచి, సాధారణంగా రెండు మూడు వారాల్లో మానుతాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు రోగులు పెద్ద చికిత్సకు తరచు తిరుపతి, వేలూరు, బెంగళూరు వెళ్తుంటారు. నోరు పూసేనాటికి ఇంటికి చేరి ఉంటారు. ఇంటి చిట్కాలపై ఆధారపడటానికి ఇదొక కారణం కావచ్చు. అయితే గట్టి ఆధారం ఉన్న సహజ ఉపాయం ఇంట్లో చేసేది కాదు. మందు ఎక్కే వేళ ఆసుపత్రి మంచం మీదే జరగాలి.

అది ఐసుముక్క. 5-ఫ్లోరోయురాసిల్‌ను ఒక్కసారిగా ఇంజెక్షన్‌గా ఇచ్చేటప్పుడు, 5 నిమిషాల ముందు మొదలుపెట్టి అరగంటసేపు ఐసు చప్పరిస్తే నోటి రక్తనాళాలు ముడుచుకుని అక్కడికి చేరే మందు తగ్గుతుంది. 1991లో అమెరికాలో 95 మందిపై వెలువడిన పరీక్ష దీన్ని సమర్థించింది. 2020 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలూ సిఫారసు చేశాయి. పంపుతో రెండు రోజులు ఎక్కే మందుకు ఇది పనికిరాదు. ఆక్సాలిప్లాటిన్ తీసుకునేవారికి చల్లదనం పడదు.

తేనె విషయంలో పరీక్షలు ఒకదానితో ఒకటి పొసగవు. 2003లో మలేసియాలో 40 మందిపై జరిగిన అధ్యయనం మేలు చూపింది. 2012లో మాంచెస్టర్‌లో 131 మందిపై మనూకా తేనెతో చేసినది చూపలేదు. రెండూ తల, మెడ రేడియేషన్ రోగులవే. మార్గదర్శకాలు తేనెను సూచించిందీ అలాంటివారికే కనుక, కీమో ఒక్కటే తీసుకునేవారికి దాన్ని వర్తింపజేయడం తొందరపాటు. మధుమేహులకు మరింత జాగ్రత్త అవసరం. పసుపునీటి పుక్కిలింతపై 2014 నాటి మంగళూరు పరీక్ష కూడా రేడియేషన్ రోగులదే.

కామంచి ఆకు, జామాకు కషాయం మామూలు నోటిపూతకు వాడుకలో ఉన్నవి. కీమో రోగుల్లో వాటి ఫలితం నిర్ధారణ కాలేదు. పుంగనూరు ఆవు నెయ్యికి ఆపాదించే గుణాలూ అంతే. కీమో వల్ల తెల్ల రక్తకణాలు తగ్గిన రోజుల్లో పచ్చి ఆకులు నమలకపోవడం మేలు.

లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి, రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించి ఉమ్మేయమని ఎక్కువమంది వైద్యులు చెప్తారు. పుండ్లను ఆపుతుందని రుజువు కాకున్నా నోరు శుభ్రంగా ఉంటుంది, ఖర్చూ లేదు. మెత్తటి బ్రష్ వాడాలి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ మంటపెడుతుంది.

తిండిలో ఇబ్బంది రాగి సంగటితో కాదు, దాని పక్కనుండే ఊరిబిండితో, పచ్చిపులుసుతో, మదనపల్లె పేరు మోసిన టమాటాతో. వడగట్టి చల్లార్చిన రాగి అంబలి గొంతు దిగుతుంది. రాత్రి మిగిలిన సద్దిసంగటి మాత్రం తెల్లకణాలు పడిపోయినప్పుడు వద్దంటారు.

నోట్లో తెల్లటి పొర కడితే అది ఫంగస్ కావచ్చు, దానికి వేరే మందుంది. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం వచ్చినా, నీళ్లు మింగలేకపోయినా చిట్కాలు ఆపి అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి.