నీలిమందు - రెండు సామ్రాజ్యాలు

నీలిమందు అనగానే సాహిత్య విద్యార్థులకు దీనబంధు మిత్ర 1860లో వెలువరించిన 'నీల్ దర్పణ్' నాటకం గుర్తుకు వస్తుంది. నేనూ చాలాకాలం నీలి చరిత్రను తోటల దొరల కొరడా చరిత్రగానే చదివాను. ఆ కొరడాను ఆడించిన అంతర్జాతీయ వర్తకం సంగతి తర్వాతగాని తెలియలేదు.

1897లో జర్మనీకి చెందిన బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ కృత్రిమ నీలిని మార్కెట్టులోకి తెచ్చింది. కొన్నేళ్లలోనే మన దేశపు నీలి సాగు చితికిపోయింది. బ్రిటిష్ మిల్లులు చవకైన జర్మన్ రంగులకు అలవాటుపడ్డాయి. 1914 నాటికి బ్రిటన్ వాడే రంగుల్లో అధికభాగం జర్మనీనుంచే వచ్చేవి. ఇంతగా ముడిపడిన దేశాలకు యుద్ధం గిట్టుబాటు కాదని నార్మన్ ఏంజెల్ 1910లో వాదించాడు. ఆయన లెక్క సరైనదే. అది చూసి ఇక యుద్ధమే రాదని నమ్మినవారు మాత్రం మోసపోయారు. మార్కెట్లకోసం, వలసలకోసం పోటీపడే సామ్రాజ్యాలు చిట్టా ఆవర్జాలు తిరగేసి ఆగిపోవు.

యుద్ధం వచ్చింది. జౌళి పరిశ్రమకు పేరుపడ్డ బ్రిటన్‌కు రంగుల కరువు వచ్చింది. అంతకు మించిన ప్రమాదం మరొకటుంది. రంగులు తయారుచేసే రసాయన పరిశ్రమే పేలుడు పదార్థాలకూ, విషవాయువులకూ పుట్టినిల్లు. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర వద్ద జర్మన్ సైన్యం వదిలిన క్లోరిన్ ఆ పరిశ్రమ సరుకే. ఆ ఏడాదే బ్రిటిష్ ప్రభుత్వం డబ్బు పెట్టి 'బ్రిటిష్ డైస్' కంపెనీని నిలబెట్టింది. లైసెన్సు లేనిదే విదేశీ రంగులు రాకూడదని 1920లో పదేళ్లకు చట్టం చేసింది. స్వేచ్ఛావర్తకాన్ని ప్రపంచానికి బోధించిన దేశమే తలుపు మూసుకుంది!

మరి చంపారన్ రైతు సంగతేమిటి? జర్మన్ నీలి వచ్చి ధర పడిపోగానే, నీలి సాగునుంచి విముక్తి కలిగిస్తున్నామన్న నెపంతో దొరలు శిస్తు పెంచారు. యుద్ధంలో జర్మన్ సరుకు ఆగి ధర లేవగానే వాళ్లకు మళ్లీ నీలిమీద ఆశ పుట్టింది. ఇరవై కఠాల్లో మూడు కఠాలు నీలి వేసితీరాలన్న 'తీన్ కఠియా' పద్ధతి, 1917లో గాంధీజీ అక్కడికి వెళ్లి, 1918లో చట్టం వచ్చాకగాని రద్దు కాలేదు. రెండు సామ్రాజ్యాలు సరుకులు మార్చుకున్నా, తుపాకులు ఎత్తుకున్నా అప్పు అతని ఖాతాలోనే పడింది.

2022లో అమెరికా చైనాకు అధునాతన చిప్‌ల అమ్మకంపై ఆంక్షలు పెట్టింది. 2023లో చైనా గాలియం, జర్మేనియం ఎగుమతులకు అనుమతి తప్పనిసరి చేసింది. రెండూ జాతీయ భద్రత పేరిటే జరిగాయి. ఆ మాట విన్నప్పుడల్లా నాకు చంపారన్ రైతే గుర్తొస్తాడు. భద్రత ఎవరికి, భారం ఎవరిమీద అన్న ప్రశ్న రచయితలమైన మనం అడగకపోతే ఇంకెవరు అడుగుతారు?