కుందేటి కొమ్ము, హంపి యాళి, దేవుడు: ఒక పాత వాదన చరిత్ర

పోయిన సంవత్సరం మా స్కూలు పిల్లలందరం హంపికి పోయినాము. 2021లో బళ్లారి జిల్లా రెండుగా విడిపోయి హంపి విజయనగర జిల్లాలోకి పోయింది. అయినా మా వాళ్లందరికీ హంపి ఇప్పటికీ మన హంపే. విరూపాక్ష గుడిలో కృష్ణదేవరాయలు 1510లో కట్టించిన రంగమండపం ఉంది. దాని స్తంభాల మీద యాళి బొమ్మలు ఉన్నాయి. యాళి అంటే సింహం ఒళ్లుతో, కొన్ని చోట్ల ఏనుగు తొండంతో శిల్పులు చెక్కిన మృగం.

అక్కడ నా స్నేహితుడు ఒకడు చాలాసేపు చేతులు జోడించి నిలబడినాడు. నేను నవ్వుతూ, "ఈ యాళిని ఎవరైనా చూసినారా? దేవుడు కూడా అంతే కదరా" అన్నాను. వాడు ఏమీ అనలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో వేరే సీట్లో కూర్చున్నాడు. వాళ్లమ్మకు ఒంట్లో బాగాలేదని, మొక్కుకోవడానికే నిలబడినాడని నాకు తర్వాత తెలిసింది. పదిహేను రోజులు మేం మాట్లాడుకోలేదు.

ఈ సంగతి మా తెలుగు సారుకు చెప్పినాను. ఆయన తిట్టలేదు. "నువ్వు కొత్త మాటేమీ అనలేదు. ఈ పోలికకు వెయ్యేళ్ల పైన చరిత్ర ఉంది. ముందు అది తెలుసుకో, తర్వాత వాదించు" అన్నారు. నేను తెలుసుకున్నదే ఈ వ్యాసం.

మన దేశంలో లేని వస్తువుకు ఉదాహరణ చెప్పాలంటే పండితులు కుందేటి కొమ్ము, ఆకాశంలో పువ్వు, గొడ్రాలి కొడుకు అనేవారు. కుందేటి కొమ్ము మనకు కొత్త కాదు. భర్తృహరి సుభాషితాలను 18వ శతాబ్దంలో ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసినాడు. అందులో ఒక పద్యం మనందరికీ నోటికి వచ్చు. తిరిగి తిరిగి కుందేటి కొమ్మునైనా తేవచ్చు గానీ, మూర్ఖుడి మనసును మాత్రం ఒప్పించలేమని దాని భావం.

న్యాయశాస్త్ర పండితులు ఈ కొమ్ము గురించి ఒక మంచి మాట చెప్పినారు. కుందేలు ఉంది, కొమ్ము కూడా ఉంది, ఆవుకు చూస్తున్నాం. లేనిదల్లా కుందేలు తల మీద కొమ్ము. యాళి కూడా అంతే. సింహం ఉంది, ఏనుగు ఉంది. రెండింటినీ కలిపింది శిల్పి.

ఇప్పుడు దేవుడి దగ్గరికి వద్దాం. చార్వాకులు కంటికి కనిపించేదాన్నే నమ్మేవారు. దేవుడు కనిపించడు, కాబట్టి ఆయన కూడా కుందేటి కొమ్ము లాంటివాడే అనేది ఆ పక్షం వాదన. దీనికి ఉదయనుడు అనే న్యాయ పండితుడు జవాబు రాసినాడు. ఆయన సుమారు వెయ్యేళ్ల కిందట మిథిలలో, అంటే ఇప్పటి బీహారు ప్రాంతంలో ఉండేవాడు. దేవుడున్నాడని నిరూపించడానికే 'న్యాయకుసుమాంజలి' అనే గ్రంథం రాసినాడు.

ఆయన జవాబు నాకు అర్థమైనంత వరకు ఇది. బెంచీ మీద టిఫిన్ బాక్సు కనిపించకపోతే అక్కడ బాక్సు లేదనే అర్థం. ఎందుకంటే ఉంటే కనిపించి తీరాలి. కానీ కంటికి కనిపించే గుణమే లేని వస్తువు కనిపించకపోతే, అది లేదని చెప్పలేం. కొమ్ము కనిపించే వస్తువు. దేవుడు కనిపించే వస్తువు కాదు. కాబట్టి ఆ పోలిక కుదరదు.

అవతలి పక్షం ఊరుకుంటుందా? "అట్లయితే కుందేలుకు కనిపించని కొమ్ము ఉందంటాను, ఒప్పుకుంటావా?" అని అడుగుతుంది. ఈ ప్రశ్నను ఉదయనుడే తన పుస్తకంలో పెట్టి, కనిపించనిది అసలు కొమ్మే కాదని జవాబు చెప్పినాడు.

బౌద్ధ పండితులు ఇంకో ఉదాహరణ వాడినారు. అది పిశాచం. 7వ శతాబ్దపు ధర్మకీర్తి దారిలో నడిచిన వాళ్లు ఏమన్నారంటే, కుండ కనిపించకపోతే లేదనవచ్చు గానీ, పిశాచం కనిపించనంత మాత్రాన లేదని చెప్పలేం, ఎందుకంటే అది ఉన్నా కనిపించదు. ఆశ్చర్యమేమంటే ఈ బౌద్ధులు సృష్టికర్తను ఒప్పుకోరు. అయినా "కనిపించడు కాబట్టి లేడు" అనే సులువైన దారి పట్టలేదు. కుండకు కుమ్మరి ఉన్నట్టు లోకానికి దేవుడున్నాడని ఎవరైనా అంటే, ధర్మకీర్తి వేరే ప్రశ్న వేసినాడు: పుట్ట కూడా మట్టిదే కదా, దాన్నీ కుమ్మరే చేసినాడా?

ఈ చరిత్ర మన హంపి దాకా వచ్చింది. 14వ శతాబ్దంలో, విజయనగర కాలంలో, మాధవాచార్యుడి పేరుతో 'సర్వదర్శన సంగ్రహం' అనే గ్రంథం వచ్చింది. అందులో 16 దర్శనాలున్నాయి. మొదటిది చార్వాకులది. దేవుడు లేడనే వాళ్ల మాటను, లోకంలో కనిపించే రాజే పరమేశ్వరుడు అనే మాటతో సహా, ముందు పెట్టి చెప్పినాడు. అవతలివాడి వాదన ముందు చెప్పడాన్ని పూర్వపక్షం అంటారు.

పశ్చిమ దేశాల్లో కూడా ఇదే వాదన ఉంది. బెర్ట్రాండ్ రస్సెల్ 1952లో రాసిన వ్యాసంలో, భూమికి, అంగారకుడికి మధ్య ఒక టీ కెటిల్ తిరుగుతోందని, అది దుర్భిణికి కూడా కనిపించదని ఎవరైనా అంటే నమ్మాలా అని అడిగినాడు. నిరూపించే బాధ్యత చెప్పినవాడిదే అని ఆయన ఉద్దేశం. తర్వాత నాస్తికులు కొందరు కనిపించని ఒంటికొమ్ము గుర్రాన్ని ఉదాహరణగా తెచ్చినారు. అది చదివి నాకు నవ్వొచ్చింది. మన కుందేటి కనిపించని కొమ్మే గుర్రం తలకు ఎక్కింది!

మన తెలుగువాళ్లలో గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టినాడు. గాంధీజీ దేవుణ్ణి నమ్మినవాడు. అయినా 1944లో సేవాగ్రాంలో గోరాను పిలిపించి మాట్లాడినాడు. దేవుడి విషయంలో ఇద్దరూ ఒకటి కాలేదు, కానీ అంటరానితనం పోవాలనే పనిలో ఒకటైనారు.

ఇవన్నీ తెలుసుకున్నాక నేను నా స్నేహితుడి దగ్గరికి పోయినాను. "దేవుడున్నాడా లేడా నాకు ఇప్పటికీ అనుమానమే. కానీ యాళితో పోల్చింది తప్పు. యాళి ఉంటే కనిపించాల. నువ్వు నమ్మే దేవుడు అట్లా కనిపించేవాడని నువ్వెప్పుడూ అనలేదు. నీ మాట వినకుండానే నేను జవాబు చెప్పినాను" అన్నాను.

వాడు కొంచెంసేపు ఆగి, "నాకూ అప్పుడప్పుడు అనుమానం వస్తాదిరా. కానీ మాయమ్మకు బాగలేనప్పుడు అడగొద్దు" అన్నాడు.

ఉదయనుడు గానీ, ధర్మకీర్తి గానీ ఇంత చిన్న మాట చెప్పినారో లేదో గానీ, నాకు అన్నిటికంటే ఇదే బాగా అర్థమైంది. వాళ్లమ్మకు ఇప్పుడు నయమైంది. మేమిద్దరం మళ్లీ ఒకే బెంచీలో కూర్చుంటున్నాము, వాదించుకుంటున్నాము కూడా. కానీ ఒక నియమం పెట్టుకున్నాము. అవతలివాడి మాటను ముందు వాడు ఒప్పుకునేట్టు చెప్పాల, ఆ తర్వాతే మన మాట.